గుత్తికొండ క్రింది గోరీలు

పావగడ తాలూకాను ఇంచుమించు మూడువైపుల ఆంధ్రసీమయే ఆవరించియున్నది. ఆ ఎల్లకు ఆవలనున్న పెనుగొండ, అనంతపురము, గుత్తి ప్రాంతములను 1800 సంవత్సరమున నైజాము ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. దత్తమండలమను పేరు అట్లు వచ్చినదే. ఆ మండలమున ఆంగ్లేయుల తొలినాళ్లకు సాక్షిగా గుత్తిదుర్గము పాదమున తెల్లదొరల చిన్న శ్మశానవాటిక యొకటి గలదు.

దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 మొదలు 1807 వరకు గుడారములలో బసచేయుచు పల్లెపల్లె తిరిగి, పాళెగాండ్ర బలమునణచి, పొలములు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించెడి రయత్వారీ పద్ధతిని నెలకొల్పెను. అయితే ఆ శిస్తు తేలికైనది కాదు. నూటికి 25 వంతులు తగ్గింపవలెనని 1807లో ఆయనయే సూచించెను. కంపెనీవారు నాడు అంగీకరింపక, గ్రామములను గుత్తకిచ్చు పద్ధతికి మరలిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరైన పిదపగాని రయత్వారీ మరల నిలువలేదు.

పదవిని వీడి స్వదేశమునకు మరలబోవు ముందు ఆయన దత్తమండలములను కడసారి చూడవచ్చెను. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచి సోకి మరణించెను. శవమును గుత్తికి తెచ్చి ఈ వాటికలోనే పాతిపెట్టిరి. 1831లో ఆ అస్థులను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. పిమ్మట ఛాంట్రీ అను శిల్పి మలచిన ఆయన అశ్వారూఢ విగ్రహమును మద్రాసునగరమున నిలిపిరి.

దొరతనమువారి కృతజ్ఞత రాజధానికి చేరినది. సీమలోని జ్ఞాపకము వేరు రూపముల నిలిచినది. పత్తికొండలో ఆయన పేర తోపును, రాతిమెట్ల బావిని ఏర్పరచిరి. గుత్తిలో సత్రమును కట్టించిరి. జనులాయనను మాండవఋషియనిరి, బిడ్డలకు మన్రోలప్పయని పేరిడిరి. భారమైన శిస్తును విధించినవానినే ఇట్లు తలచుకొనుట వింతగా తోచవచ్చును. కాని పాళెగాని దండునకు, గుత్తదారుని ఒత్తిడికి నడుమ నలిగిన రైతునకు, తన పొలమునకు చెల్లవలసినది ఇంతయని ముందుగా తెలియుటయే గొప్ప ఊరట.

కావున ఈ గోరీలు పరులవని ఉపేక్షింపదగినవి కావు. గుత్తి మన్నున ఆ దొర యున్నది నాలుగేండ్లలోపే. ఆయన కొలిపించిన పొలములలో మన పెద్దలు తరతరములు శిస్తు కట్టిరి. ఆ శిస్తుచరిత్రకు ఈ వాటికయు ఒక సాక్షి. దానిని కాపాడుట దొరలపై భక్తి కాదు, మన రైతుల చరిత్రపై శ్రద్ధ.