స్టెరాల్‌లు - జీర్ణ ఎంజైములు

స్టెరాల్‌లు నాలుగు కర్బన వలయాలు, ఒక హైడ్రాక్సిల్ సమూహం గల కొవ్వు జాతి పదార్థాలు. జంతువులలో కొలెస్టరాల్, మొక్కలలో బీటా-సైటోస్టెరాల్ ముఖ్యమైనవి. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌ను ఆనుకొని ఉన్న బేగంబజారు కిరాణా దుకాణాలలో అమ్మే నువ్వుల నూనెలోనూ, తవుడు నూనెలోనూ ఈ మొక్క స్టెరాల్‌లు ఉంటాయి.

ఎంజైములపై ప్రభావం

ఈ ప్రభావం అధికంగా పరోక్షమైనది. కాలేయం కొలెస్టరాల్ నుండి పైత్యరస ఆమ్లాలను తయారుచేస్తుంది. వీటి లవణాలు చిన్నప్రేగులో కొవ్వును సూక్ష్మ బిందువులుగా విడగొడతాయి. దీనినే ఎమల్సీకరణ అంటారు. ఇందువలన క్లోమరసంలోని లైపేజ్ పనిచేయడానికి ఎక్కువ ఉపరితలం లభిస్తుంది. విచిత్రమేమనగా, అవే లవణాలు ఆ ఉపరితలాన్ని ఆక్రమించి లైపేజ్‌ను తొలగించివేస్తాయి కూడా! కోలైపేజ్ అనే చిన్న ప్రోటీను దానిని బిందువుపై నిలిపి ఉంచుతుంది. కొలెస్టరాల్ ఎస్టరేజ్ అనే మరొక క్లోమ ఎంజైము కొలెస్టరాల్ ఎస్టర్లను విడగొట్టాలంటే పైత్యరస లవణాలు తప్పనిసరి. రాళ్ళ వలన పైత్యరస నాళం మూసుకుపోయినపుడు కొవ్వు సరిగా జీర్ణం కాక మలంలో పోతుంది.

మొక్క స్టెరాల్‌లు

ఇవి జీర్ణ ఎంజైములను ఆపివేసి కొలెస్టరాల్‌ను తగ్గిస్తాయనుకోవడం పొరపాటు. ప్రేగులోని మిసెల్ అనే సూక్ష్మ గుళికలలో కొలెస్టరాల్‌కు దక్కవలసిన చోటును ఇవి ఆక్రమిస్తాయి. అందుచేత దాని శోషణ తగ్గుతుంది. రోజుకు సుమారు 2 గ్రాములు తీసుకుంటే ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ 8-10 శాతం తగ్గుతుంది. సాధారణ భోజనంలో లభించేది ఇందులో కొద్ది భాగమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు తవుడు నూనె వాడినవారిలో కొలెస్టరాల్ తగ్గినట్లు 1989లో ప్రచురించారు.

సైటోస్టెరాలీమియా అనే అరుదైన వంశపారంపర్య వ్యాధి ఉన్నవారి రక్తంలో మొక్క స్టెరాల్‌లు పేరుకుంటాయి కనుక వారు వీటిని అదనంగా తీసుకోరాదు.