రాగితీగతో కుట్టిన పడవ

పడవని కుట్టడమేంటి తాతా అని నవ్వుతున్నారు గానీ, మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్తాను, ఆగండి.

అప్పుడు ఇంగ్లండులో ఉన్నాను. రాచ్‌డేల్ అని, మాంచెస్టర్‌కి దగ్గర, నూలు మిల్లుల ఊరు. విశాఖలో డాక్టరీ చదివినవాళ్లం ఆ రోజుల్లో చాలామందిమి అటే వెళ్లేం. వాళ్ల ఆస్పత్రులకి డాక్టర్లు కావాలి, మాకు పై పరీక్షలు కావాలి. ఇళ్లన్నీ వరసగా, ఒకే గోడ పంచుకుని ఉండేవి. మా పక్కింటాయన సిటీ బస్సు డ్రైవరు. మేకు కొట్టమంటే వేలు మీద కొట్టుకునే రకం. అలాంటి మనిషి పడవ కడతానన్నాడు. అదీ ఇంటి ముందుగదిలో!

ఆ పడవ పేరు మిర్రర్. డైలీ మిర్రర్ పత్రికవాళ్లు దాన్ని జనంలోకి తెచ్చేరు, అందుకే ఆ పేరు. 1963 జనవరిలో లండన్ బోట్ షోలో పెట్టేరు. చెక్కలు కోసి, చాపలు కుట్టి, తీగా జిగురూ సహా అన్నీ మూటగట్టి ఇంటికి పంపించేవారు. మొదట్లో దాని ధర 63 పౌన్ల 11 షిల్లింగులు. ఆయన కొనేనాటికి ధర పెరిగింది, షిల్లింగుల లెక్కైతే అసలు ఎత్తేసేరు. అయినా ఆ పాత ధరే చెప్పుకుని బాధపడేవాడు.

పత్రికలకి పడవలతో పనేంటంటే, అప్పట్లో అదొక పోటీ. 1956లో న్యూస్ క్రానికల్ పత్రిక నీలం తెరచాపల ఎంటర్‌ప్రైజ్‌ని తెచ్చింది. మిర్రర్‌వాళ్లు ఎర్ర తెరచాపలు ఎత్తేరు. రెండూ గీసినవాడు జాక్ హోల్టే. అయితే మిర్రర్‌కి ఇంకో మనిషి తోడయ్యేడు, బారీ బక్‌నెల్ అని. తలుపులూ అల్మారాలూ ఎవరింట్లో వాళ్లే చేసుకోండర్రా అని టీవీలో చూపించే ఆయన. నన్నడిగితే ఆ పడవని అన్ని వేలమంది చేత కట్టించింది ఈయనే. హోల్ట్ చెయ్యి తిరిగినవాడు. చెయ్యి తిరగనివాడు ఎక్కడెక్కడ తడబడతాడో తెలిసింది మాత్రం బక్‌నెల్‌కి.

తాళ్లరేవులో నావలు కట్టడం చూసేరు కదా? ముందు వెన్నుదూలం వెయ్యాలి, పక్కటెముకల్లాగ కొయ్యలు నిలబెట్టాలి, ఒక్కో పలకనీ వంపుకి తగ్గట్టు చెక్కుకుంటూ బిగించాలి. కాగితం మీద గీతే అక్కర్లేదు మేస్త్రీకి, కంటితోనే చూసుకుంటాడు. ఆ కన్ను రావడానికి తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో ఏళ్ల తరబడి ఉండాలి. బస్సు డ్రైవరుకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ప్లైవుడ్డుతో ఆ ఇబ్బంది తీరింది. పల్చటి చెక్క పొరల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా అంటిస్తారు కాబట్టి చీలదు, వంచితే ఒక వైపుకి అందంగా వంగుతుంది. నీళ్లకి ఊడని జిగుర్లు రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బాగా ముదిరేయి. మస్కిటో అని ఒక యుద్ధవిమానం ఉండేది, ఒళ్లంతా కొయ్యే. దాని భాగాలు కుర్చీలూ మంచాలూ చేసే కార్ఖానాల్లోనే తయారయ్యేయి. యుద్ధం అయిపోయేక ఆ చెక్కా ఆ జిగురూ మామూలు జనానికి అందేయి.

ఇక కుట్టు సంగతి. కెన్ లిటిల్‌డైక్ అని ఒక బడిపంతులు చిన్న చిన్న కెనూ పడవలు అలా చేసేవాడు. పలకల అంచుల్లో కన్నాలు పెట్టడం, రాగితీగ ముక్కలు దూర్చడం, పటకారుతో మెలేసి బిగించడం. బక్‌నెల్ ఆ పద్ధతినే మిర్రర్‌కి పట్టుకొచ్చేడు. మా పక్కింటాయన ఇదంతా గొప్పగా చెప్పి, ఇలాంటిది ఎక్కడైనా విన్నావా డాక్టర్ అన్నాడు.

విన్లేదు, చూసేను అన్నాను.

చిన్నప్పుడు విశాఖ తీరంలో జాలర్లు అలివి వల వెయ్యడానికి తీసుకెళ్లే పడవ ఉండేది. ఇంగ్లీషువాళ్లు దాన్నే మసూలా పడవ అన్నారు. దానికి మేకుండదు, లోపల పక్కటెముక ఉండదు. పలకకి పలక కొబ్బరితాడుతో కుట్టేసి, కుట్టు కింద పీచో గడ్డో వత్తులా పెడతారు. నీళ్లు కారుతూనే ఉంటాయి, తోడుతూనే ఉంటారు. మేకులు కొట్టి బిగించిన పడవని మన కెరటం ఇసక మీద ఎత్తి కొడితే పగులుతుంది. ఇది మాత్రం ఒళ్లు కదుల్చుకుని దెబ్బ ఓర్చుకుంటుంది. విశాఖలో 1933లో హార్బరు తెరిచేదాకా ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. సరుకూ మనుషులూ ఒడ్డుకి చేరేది ఈ పడవల మీదే. హార్బరు రాకముందు మద్రాసులోనూ అంతే, లాట్‌సాహెబు అయినా కెరటాలు దాటాలంటే ఇదే ఎక్కాల్సొచ్చేది.

ఇదంతా చెప్పేసరికి ఆయనకి నామీద గౌరవం పుట్టుకొచ్చి, మర్నాటి నించి పని పెట్టేడు. ఒరేయ్ చిన్నోడా, ఆ కట్టె కాస్త లోపలికి ఎగదొయ్యి, పొగొస్తోంది.

ముందు అడుగుపలకలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక అంచున కుట్టేం. పుస్తకం తెరిచినట్టు తెరిస్తే పడవ అడుగు వచ్చింది! తర్వాత పక్కపలకలు, వెనక పలక, ముందు పలక. అవును, ముందు కూడా పలకే. మిర్రర్‌కి ముక్కు కోసుగా ఉండదు, మొద్దుగా కోసేసినట్టుంటుంది. కోసు తేవాలంటే ప్లైవుడ్డుని గట్టిగా మెలితిప్పాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు. అందం లేదని ఎగతాళి చేసేవాళ్లు గానీ నాకు ఆ మొద్దు ముక్కే ముద్దొచ్చేది. 10 అడుగుల 10 అంగుళాల పొడుగు, 4 అడుగుల 7 అంగుళాల వెడల్పు. ఎలా బయటికి తీస్తారయ్యా అని నేనంటే, పక్కకి తిప్పితే గుమ్మంలో పడుతుందని ముందే కొలిచి పెట్టుకున్నాడు. ఆ కొలత మాత్రం వాళ్లావిడ రెండోసారి స్వయంగా కొలిచింది.

కుట్లయ్యేక అసలు పరీక్ష. ఈ మూల నించి ఆ మూలకి తాడు పట్టి, మళ్లీ రెండో వైపు పట్టి చూడాలి. రెండూ సమానం కాకపోతే పడవ మెలి తిరిగినట్టే. ఇప్పుడైతే తీగ వదులు చేసి సరిదిద్దొచ్చు. జిగురు పోసేక ఇక బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు.

ఆ జిగురు దగ్గరే ఆగిపోయింది పని. గాజుపోగుల పట్టీని అతుకు మీద పరిచి, పాలియెస్టర్ రెజిన్‌లో గట్టిపడే మందు కలిపి తడపాలి. చలిలో అది గట్టిపడదు. అది 1972 ఫిబ్రవరి. బొగ్గుగని కార్మికుల సమ్మె. ఈ పేటకి ఈ గంట, ఆ పేటకి ఆ గంట అని వంతులేసి కరెంటు తీసేసేవారు. ఊరంతా కొవ్వొత్తులు వెలిగించుకుంటే మా దగ్గర అదీ కుదరదు, రెజిన్ ఆవిరికి నిప్పు తగిలితే ఇల్లే పోతుంది. టార్చిలైటు నేను పట్టుకునేవాణ్ణి. కరెంటున్న గంటలు చూసుకుని గది వెచ్చబెట్టుకోవడం, మంట ఏదీ లేకుండా చూసుకుని రెజిన్ పుయ్యడం, కిటికీ తీస్తే చలి, మూస్తే వాసన. వాళ్లావిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్లిపోయింది. కోపంతో కాదులెండి, తలనొప్పితో.

గట్టిపడ్డాక బయటికి పొడుచుకొచ్చిన తీగల్ని కత్తిరించి, అంచులు నున్నగా రుద్ది, బయట కూడా పట్టీ వేసేం. అప్పుడే నాకు తెలిసొచ్చింది, రెండు కుట్లకీ పోలిక పైపైనే అని. మన జాలరి కుట్టు పడవ బతికున్నంతకాలం పనిచేస్తుంది, వదులైతే విప్పి కొత్త తాడుతో మళ్లీ కుడతారు. వీళ్ల కుట్టు జిగురు ఆరేదాకా చెక్కని పట్టుకుంటుంది, అంతే, తర్వాత ఉన్నా లేకపోయినా ఒకటే. మనది వంగాలని కుట్టింది, వాళ్లది కదలకూడదని. ఈ మాట ఆయనతో అంటే, మరి నీళ్లు ఎవరి పడవలోంచి ఎక్కువ తోడాలి అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఖాళీ పడవ 45 కిలోలు. ఇద్దరం ఎత్తి కారు నెత్తిన పెట్టేం. తెరచాప కొయ్య కూడా పొట్టిదే. దానికి ఇంకో కొయ్య కట్టి పైకి లాగితే రెండూ కలిసి నిలువుగా ఎత్తు లేస్తాయి, దింపితే అన్నీ పడవ పొడుగులోనే ఇమిడిపోతాయి. హాలింగ్‌వర్త్ లేక్ అని పక్కనే ఉంది. అది సరస్సు కాదు, రాచ్‌డేల్ కాలవకి నీళ్లివ్వడానికి తవ్వి కట్టిన చెరువు. కొండగాలి అక్కడ ఏ మూల నించి కొడుతుందో చెప్పలేం. ఆయన చుక్కాని పట్టుకుంటే, నేను ముందు చిన్న చాప తాడు పట్టుకునేవాణ్ణి. బోల్తా పడేవాళ్లం కూడా. లోపల మూసేసిన గాలి అరలుండేవి కాబట్టి మునగదు, తిప్పుకుని మళ్లీ ఎక్కడమే. పడవ మీద బస్సు డ్రైవరు గొంతు ఎంత మారిపోయేదో! అడ్మిరల్‌గారిలా ఆజ్ఞలు.

ఆ పడవలు ప్రపంచంలో 70,000 దాటేయి. ఎ.జె. మెకినన్ అని ఒకాయన మిర్రర్‌లోనే ఇంగ్లండులో బయల్దేరి కాలవలూ నదులూ పట్టుకుని నల్లసముద్రం దాకా వెళ్లేడు, పుస్తకం కూడా రాసేడు. ఇంకోటి చెప్పనా, 1980ల్లో కన్యాకుమారి వైపు ముట్టంలో జాలర్లకి ప్లైవుడ్డు పడవలు కట్టేరు. ఇంగ్లండు నిపుణుడు గిఫర్డ్ వచ్చి నేర్పింది ఈ కుట్టుపనే. కట్టుమరానికి పెద్ద దుంగలు దొరకడం కష్టమైపోయింది మరి. తాడు కుట్టు తెలిసిన తీరానికి తీగ కుట్టు వచ్చి చేరింది.

నువ్వేమో మీ నాన్న అల్మారాలు చేయించగా మిగిలిన ప్లైవుడ్డుతో కడతానంటున్నావు. ఆ చెక్క మీద ముద్ర చూడు. ఐఎస్ 303 అని ఉంటే మామూలుది, పడవకి పెట్టకు. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్‌ది. ఆ ముద్ర ఉంటే రేపు పొద్దున్న నాకు చూపించు, టేపు నేను తెస్తాను. కుట్టేది మాత్రం మీ అమ్మ గదిలో కాదు.