శాశ్వత తటస్థత, సరిహద్దు అమ్మకం: తుర్క్‌మెనిస్తాన్ సహజవాయు వాణిజ్యం (1991–2025)

ఉపోద్ఘాతం

సోవియట్ యూనియన్ కొనసాగాలా వద్దా అన్న ప్రశ్నపై 1991 మార్చి 17న ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు తుర్క్‌మెనిస్తాన్‌లో 97 శాతానికి పైగా ఓట్లు కొనసాగింపునకు అనుకూలంగా పడ్డాయి. అదే ఏడాది అక్టోబరు 26న స్వాతంత్ర్యంపై ఓటు కోరితే 94 శాతం స్వాతంత్ర్యం వైపు మొగ్గాయి. ఏడు నెలల్లో ప్రజల మనసు అంతగా మారిందనడం కంటే, రెండుసార్లూ ఫలితాన్ని నిర్ణయించిన యంత్రాంగం ఒక్కటేననడం సమంజసం. 1985 నుంచి అక్కడి కమ్యూనిస్టు పార్టీకి ప్రథమ కార్యదర్శిగా ఉన్న సపర్‌మురాత్ నియాజోవ్ స్వతంత్ర దేశానికీ అధ్యక్షుడిగా కొనసాగారు. తుర్క్‌మెన్ జాతికి పెద్దదిక్కు అన్న అర్థంలో ‘తుర్క్‌మెన్‌బాషీ’ బిరుదు ధరించారు. 1999లో జీవితకాల అధ్యక్షుడయ్యారు.

నాలుగు లక్షల ఎనభై ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల ఈ దేశంలో అధికభాగం కారాకుం ఎడారి. ఇక్కడినుంచి మహాసముద్రానికి దారి లేదు. భూగర్భంలోని సహజవాయువే ప్రధాన సంపద. 1995లో శాశ్వత తటస్థ దేశంగా అంతర్జాతీయ గుర్తింపు పొందిన తుర్క్‌మెనిస్తాన్ ఏ సైనిక కూటమిలోనూ చేరలేదు. అయినప్పటికీ వాయు వాణిజ్యంలో మాత్రం మొదట రష్యాకు, ఆ తరువాత చైనాకు కట్టుబడిపోయింది. ఈ వైరుధ్యానికి కారణాలను ఆ దేశం అనుసరించిన ‘సరిహద్దు అమ్మకం’ విధానంలో వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

తటస్థత: రాజకీయ ప్రయోజనం

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1995 డిసెంబరు 12న తుర్క్‌మెనిస్తాన్ శాశ్వత తటస్థతను గుర్తిస్తూ తీర్మానం చేసింది. నాటినుంచి ఆ తేదీ అక్కడ జాతీయ పర్వదినం. 1998లో రాజధాని అష్గాబాత్‌లో 75 మీటర్ల తటస్థతా తోరణం నిర్మించి, దాని శిఖరాన నియాజోవ్ బంగారుపూత విగ్రహాన్ని నిలిపారు. ఆ విగ్రహం రోజంతా సూర్యుడి వైపు తిరుగుతూ ఉండేది. ఏ పక్షానికీ తిరగనన్న దేశం తన తటస్థతకు ఎంచుకున్న చిహ్నం అది.

అయితే తటస్థత కేవలం ఆడంబరమని కొట్టివేయడం సరికాదు. 1990ల చివరిలో మధ్య ఆసియాలోని ఇతర ప్రభుత్వాలు తాలిబన్లను శత్రువులుగా చూస్తున్న కాలంలో అష్గాబాత్ వారితోనూ, వారి ప్రత్యర్థులతోనూ మాట్లాడగలిగింది. 1999లో ఆ రెండు పక్షాల మధ్య చర్చలకు ఆతిథ్యమిచ్చింది. రష్యా నాయకత్వంలోని సామూహిక భద్రతా ఒప్పందంలో చేరకపోగా, 2005లో స్వతంత్ర రాజ్యాల కామన్వెల్త్‌లో తన స్థాయిని అనుబంధ సభ్యత్వానికి తగ్గించుకుంది. దౌత్యరంగంలో తటస్థత ఫలించిందనే చెప్పాలి. అది ఫలించనిది పైపులైన్ల దగ్గర.

పాత పైపులైను, ఒకే ద్వారం

సోవియట్ కాలంలో నిర్మించిన ‘మధ్య ఆసియా–సెంటర్’ పైపులైను తుర్క్‌మెన్ వాయువును ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌ల మీదుగా రష్యాకు చేరవేసేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దారి అదొక్కటే. రష్యా సంస్థ గాజ్‌ప్రోమ్ లాభసాటియైన ఐరోపా విపణిని తనకోసం ఉంచుకుని, తుర్క్‌మెన్ వాయువును ఉక్రెయిన్ వంటి పూర్వ సోవియట్ దేశాల వైపు మళ్లించింది. ఆ దేశాలు సొమ్ముకు బదులు తరచూ సరుకులిచ్చేవి, మిగిలింది బాకీపడేవి. 1997లో వివాదం ముదిరి సరఫరా నిలిచిపోయింది. 1991లో సుమారు 8,000 కోట్ల ఘనపు మీటర్లున్న వార్షిక ఉత్పత్తి 1998 నాటికి 1,500 కోట్లలోపు పడిపోయింది. బావుల్లో వాయువు తరగలేదు, కొనేవారికి చేర్చే దారే లేకపోయింది.

1997 డిసెంబరులో ఇరాన్‌కు ప్రారంభమైన సుమారు 200 కిలోమీటర్ల కొర్పెజె–కుర్త్‌కుయి పైపులైను చిన్నదే అయినా, రష్యాను తప్పించుకున్న తొలి మార్గం.

‘సరిహద్దు అమ్మకం’ రూపుదిద్దుకున్నది ఈ అనుభవాల నడుమనే. వాయువును తన సరిహద్దు వద్ద అప్పగించి సొమ్ము తీసుకోవడంతో తుర్క్‌మెనిస్తాన్ బాధ్యత తీరుతుంది. అవతల పైపులు వేయడం, దారి హక్కులు సంపాదించడం కొనేవారి పని. ఇతరుల తగాదాల్లో తలదూర్చని తటస్థ దేశానికి ఇది సహజమైన విధానంగా తోచి ఉండవచ్చు. కానీ గడప దాటని అమ్మకందారు దగ్గరకు రాగలిగేది సొంత ఖర్చుతో పైపు వేసుకోగల కొనుగోలుదారు మాత్రమే. అటువంటివారు ఎందరో ఉండరు.

వాయువుకు మారుగా పౌరసత్వం

2003 ఏప్రిల్ 10న మాస్కోలో నియాజోవ్, పుతిన్ 25 ఏళ్ల వాయు ఒప్పందంపై సంతకాలు చేశారు. అదే రోజు మరో పత్రంపై కూడా సంతకాలయ్యాయి. ద్వంద్వ పౌరసత్వానికి వీలు కల్పించిన 1993 ఒప్పందాన్ని రద్దుచేసే పత్రమది. కొన్ని రోజులకే, ద్వంద్వ పౌరులు రెండు నెలల్లో ఏదో ఒక పౌరసత్వాన్ని ఎంచుకోవాలని నియాజోవ్ ఆదేశం జారీచేశారు. రష్యా పౌరసత్వాన్ని ఎంచుకుంటే పుట్టి పెరిగిన ఊళ్లో విదేశీయులవుతారు. తుర్క్‌మెన్ పౌరసత్వంతో ఉండిపోతే ఆ నిరంకుశ పాలననుంచి బయటపడే దారి మూసుకుపోతుంది. ఇలా చిక్కుకున్నవారు సుమారు లక్షమంది అని నాటి అంచనా. మనుషులనిచ్చి వాయువు తెచ్చుకున్నారన్న విమర్శ రష్యాలోనే వినిపించింది.

ఈ ఘట్టాన్ని ఆర్థిక చరిత్రలో పక్క ప్రస్తావనగా వదిలేయరాదు. కొనుగోలుదారు ఒక్కరే అయిన విపణిలో బేరం వాయువు ధర దగ్గర ఆగదని, ఇరుపక్షాల ప్రభుత్వాలూ పౌరుల హక్కులను సైతం బేరపు వస్తువుగా చేసుకోగలవని ఇది రుజువు చేస్తోంది.

తూర్పు మార్గం

2006 డిసెంబరు 21న నియాజోవ్ మరణించారు. వారసుడిగా వచ్చిన గుర్బాంగులీ బెర్దిముహమెదోవ్ కాలంలో సమీకరణాలు మారాయి. 2009 నుంచి ఐరోపా స్థాయి ధర చెల్లించడానికి గాజ్‌ప్రోమ్ అంగీకరించింది. అంతలోనే ప్రపంచ ఆర్థిక సంక్షోభంతో గిరాకీ పడిపోయింది. 2009 ఏప్రిల్‌లో పాత పైపులైనులో పేలుడు సంభవించింది. సకాలంలో తెలియజేయకుండా గాజ్‌ప్రోమ్ ఒక్కసారిగా కొనుగోలు తగ్గించడమే కారణమని అష్గాబాత్ ఆరోపించింది. 2010 జనవరి వరకు రష్యాకు వాయువు ప్రవహించలేదు.

ఆ విరామంలోనే, 2009 డిసెంబరు 14న, చైనా పైపులైను ప్రారంభమైంది. నియాజోవ్ 2006లో కుదుర్చుకున్న ఒప్పందానికి ఇది ఫలితం. చైనా పైపు వేయించింది, అప్పిచ్చింది; తన ప్రభుత్వ సంస్థకు తుర్క్‌మెన్ నేలపైనే వాయు క్షేత్రంలో ప్రవేశం సంపాదించుకుంది. దక్షిణ యోలోతెన్ క్షేత్రం అభివృద్ధికి 2009లో ఇచ్చిన 400 కోట్ల డాలర్ల రుణం ఇందులో భాగం. తరువాత ఆ క్షేత్రమే గల్కినిష్‌గా ప్రసిద్ధమైంది. రష్యా గుత్తాధిపత్యం తొలగింది. అయితే 2016 జనవరిలో గాజ్‌ప్రోమ్ కొనుగోళ్లు ఆపివేసింది. 2017 జనవరిలో బాకీల వివాదంతో ఇరాన్‌కు సరఫరా నిలిచింది. మిగిలిన పెద్ద కొనుగోలుదారు చైనా ఒక్కటే.

1993 నుంచి పౌరులకు ఉచితంగా ఇస్తున్న గ్యాసు, విద్యుత్తు, నీరు రాయితీలను 2019 జనవరి నుంచి ప్రభుత్వం రద్దుచేసింది. ఎగుమతి దారులు కుంచించుకుపోయిన భారం అలా ఇళ్ల వంటగదుల దాకా చేరింది. 2019లో గాజ్‌ప్రోమ్ తిరిగి వచ్చింది, కానీ ఏడాదికి 550 కోట్ల ఘనపు మీటర్లకే ఒప్పందం చేసుకుంది.

దక్షిణ మార్గం, భారతదేశం

ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా పంజాబ్‌లోని ఫాజిల్కా వరకు తలపెట్టిన ‘టాపి’ పైపులైను పొడవు 1,814 కిలోమీటర్లు. వార్షిక సామర్థ్యం 3,300 కోట్ల ఘనపు మీటర్లు. 2010 డిసెంబరులో నాలుగు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకోగా, 2012లో భారత సంస్థ గెయిల్ కొనుగోలు ఒప్పందంపై సంతకం చేసింది. 2015 డిసెంబరు 13న జరిగిన శంకుస్థాపనకు నాటి భారత ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ హాజరయ్యారు.

టాపి విషయంలో తుర్క్‌మెనిస్తాన్ తన పాత సూత్రాన్ని సడలించింది. ప్రభుత్వ సంస్థ తుర్క్‌మెన్‌గాజ్ నిర్మాణ కన్సార్టియంలో 85 శాతం వాటా తీసుకుంది. మిగతా మూడు దేశాలకు తలా 5 శాతమే. గడప దాటడానికి ఆ దేశం సిద్ధపడిన ఈ మార్గం, నిలకడలేని ఆఫ్ఘన్ నేల మీదుగా, ఒకరినొకరు నమ్మని రెండు దేశాల దగ్గరికి పోవలసి ఉంది. పెట్టుబడి సమకూర్చేవారు వెనుకాడారు. ఆఫ్ఘన్ భూభాగంలో సెర్హెతాబాద్ నుంచి హెరాత్ వైపు పనులను 2024 సెప్టెంబరులో మళ్లీ ప్రారంభించారు. అప్పటికి కాబూల్‌లో ఉన్నది, 1999లో అష్గాబాత్ చర్చలకు పిలిచిన తాలిబన్లే.

పడమటి దిక్కున తుర్క్‌మెనిస్తాన్ 2025 మార్చి నుంచి ఇరాన్ ద్వారా మార్పిడి పద్ధతిలో తుర్కియేకు వాయువు అమ్మడం మొదలుపెట్టింది. ఈశాన్య ఇరాన్‌లో తుర్క్‌మెన్ వాయువును వాడుకుని, ఇరాన్ అంతే పరిమాణాన్ని తన పశ్చిమ సరిహద్దులో తుర్కియేకు అందిస్తుంది. వాయువు చేతులు మారేది ఇక్కడ కూడా తుర్క్‌మెన్ సరిహద్దు వద్దనే.