ఎండను పాతర వేస్తే గిట్టుబాటా?

నారాయణఖేడ్ ప్రాంతపు పెద్దలకు పాతర అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. జొన్న బాగా పండిన ఏడు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరచి, గింజ పోసి, పైన మట్టి కప్పేవారు. కొంత గింజ ముక్కిపోయేది, తీసేటప్పుడు కూలి అయ్యేది. అయినా వేసేవారు. కోతలనాటి ధరకూ ఆషాఢంలో ధరకూ నడుమ ఆ నష్టాన్ని మించిన తేడా ఉండేది గనుక. ఇప్పుడు ఇంటి కప్పు మీద సోలారు పలకలు వేయించుకుంటున్నవారు, వాటితోపాటు బ్యాటరీ కూడా కొందామా అని అడుగుతున్నారు. ఇదీ పాతర లెక్కే, కాకపోతే గింజకు బదులు ఎండ.

కరెంటును నిలవ చేసే విద్య కొత్తదేమీ కాదు. 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లంలో ఉంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయదగిన మొదటి బ్యాటరీ తయారుచేసినాడు. మన ట్రాక్టరు బ్యాటరీ దాని మనుమడే. ఎండనుంచి కరెంటు తీసే సిలికాను పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు లోకానికి చూపినారు. మరుసటి ఏడు, అంటే 1955 అక్టోబరులో, జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే ఊరి దగ్గర పల్లె టెలిఫోను లైనుకు ఒక స్తంభం మీద ఆ పలకను బిగించినారు. రాత్రి కోసం పక్కన నిలవ బ్యాటరీ కూడా పెట్టినారు. కొన్ని నెలలు చక్కగా పనిచేసింది. అయినా తీసివేసినారు. పనిచేయక కాదు సుమా, తీగ మీద వచ్చే కరెంటు అంతకంటె చవక అయినందుకు. ఎండను నిలవ చేసే లెక్క మొదటినుంచీ ఇక్కడే చిక్కుకుంటున్నది.

మన వైపు సంగతి చూద్దాం. 1956 నవంబరు దాకా నారాయణఖేడ్ బీదరు జిల్లాలోది, తరువాత మెదకు జిల్లాలోకి వచ్చింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. జిల్లాలు మారినంత తొందరగా కరెంటు తీగలు పల్లెలకు రాలేదు. కందీలు, గ్యాసునూనె బుడ్డి చాలా ఏండ్లు నడిచినవి. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు, ఆదివారం పొద్దున ట్రాక్టరు బ్యాటరీ విప్పి టీవీకి తగిలించిన ఇళ్ళు నేనెరుగుదును. అది దిగిపోతే సైకిలు వెనుక కట్టుకొని పట్నం పోయి ఛార్జి చేయించుకు రావాలి. యూనిటుకు ఎంత పడిందని ఒక్కడూ అడగలేదు. తీగే లేని చోట బ్యాటరీకి పోటీ చీకటి ఒక్కటే.

ఇప్పుడు పోటీ మారింది. తెల్లకార్డు ఉండి, నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద బిల్లు లేదు. అటువంటి ఇంట్లో పలకలతో మిగిలేదే లేనప్పుడు బ్యాటరీతో ఏం మిగులుతుంది? 200 దాటి వాడేవారి సంగతి వేరు. 2022లో వచ్చిన రేట్లలో 201 నుంచి 300 దాకా యూనిటు 7 రూపాయల 70 పైసలు. వీరికి పలకలు పనికివస్తాయి. 3 కిలోవాట్లకు కేంద్రం వారి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీ ఉన్నది. ఆ రాయితీ పలకలకే, బ్యాటరీకి కాదు.

పైగా 2016లో విద్యుత్ నియంత్రణ మండలి చేసిన నెట్ మీటరు నియమాల ప్రకారం, పగలు మిగిలి లైనులోకి పోయిన యూనిట్లు రాత్రి వాడిన వాటికి చెల్లు అవుతాయి. అంటే లైనే మీ పాతర, అద్దె లేని పాతర. హవాయి దీవుల్లో 2015 అక్టోబరులో ఈ చెల్లు పద్ధతిని కొత్తవారికి ఆపినారు. ఆ తరువాత అక్కడి ఇళ్ళలో బ్యాటరీల గిరాకీ పెరిగింది. ఎండ మారలేదు, మీటరు షరతు మారింది. మన దగ్గర ఆ షరతు మారిన రోజున ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి.

చెల్లు లేదనే అనుకొని ఒకసారి వేసి చూడండి. 5 యూనిట్ల లితియం బ్యాటరీ లక్ష రూపాయలకు దొరికిందనుకుందాం. రోజుకు నాలుగున్నర యూనిట్లు ఇస్తే ఏడాదికి సుమారు 1,640 యూనిట్లు. 7.70 చొప్పున 12,600 రూపాయలు మిగిలినట్లు. ఆ లక్షకు నూటికి రూపాయి వడ్డీ అయితే ఏడాదికి 12,000. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడి గతి మీరే ఊహించుకోండి. అసలు తీరేదెప్పుడు? ఇక సీసపు బ్యాటరీ మాట. 150 ఆంపియర్లది రోజుకు ఒక యూనిటు మాత్రమే క్షేమంగా ఇస్తుంది. పదిహేను వేలు పెట్టి నాలుగేండ్లు నడిస్తే, యూనిటు పది రూపాయలకు పైగానే పడుతుంది. లితియం ధర పడిపోతున్న మాట నిజం. 2010లో యూనిటు నిలవకు వెయ్యి డాలర్లు దాటిన ప్యాకు 2024లో ప్రపంచ సగటున 115 డాలర్లకు వచ్చింది. కొన్నాళ్ళు ఆగినవాడికి నష్టం లేదు.

అయితే ఒక సంగతి అమ్మేవారు అందరూ చెప్పరు. బ్యాటరీ లేని పలకలు, లైను పోయినప్పుడు నడి ఎండలో కూడా ఆగిపోతాయి. తీగ మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా అట్లా అమర్చినారు. కోడిపిల్లల షెడ్డు, పాలు చల్లబరచే పెట్టె, ఇంట్లో ఊపిరి యంత్రం మీదున్న రోగి ఉన్నవారికి ఒక గంట కోతే పెద్ద నష్టం. వారు యూనిటు లెక్క వేయకూడదు, ఆ గంట లెక్క వేయాలి.

పంపుకు బ్యాటరీ మాత్రం వద్దు. ఐదు గుర్రాల మోటారు గంటకు నాలుగు యూనిట్లు తాగుతుంది. నాలుగు గంటలకు పైన చెప్పిన సీసపు బ్యాటరీలు పదహారు కావాలి. మొన్న కంది అమ్మిన ఒక ఆసామి లక్ష రూపాయలు చేతబట్టుకొని బ్యాటరీ కొందామని వచ్చినాడు. కాగితం మీద ఇదంతా వేసుకొని చూసి, రెండు ఫ్యాన్లకు, మూడు దీపాలకు సరిపడే చిన్న ఇన్వర్టరు తీసుకొని, మిగిలిన సొమ్ముతో బాయి గడ్డన సిమెంటు తొట్టి కట్టించినాడు. పగటి కరెంటుకు అది నిండుతున్నది. మాపు పశువులు తాగుతున్నవి, పొద్దుగూకినాక మడికి మళ్ళుతున్నది.