ఉప్పెనలు నేర్పిన పాఠము

బంగాళాఖాతపు టొడ్డున నివసించు తెలుగువారికి ‘ఉప్పెన’ యనిన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. తుపానుగాలి త్రోయగా సముద్రము గట్టుమీరి ఊళ్లపై బడుటయే ఉప్పెన. కృష్ణా గోదావరుల ముఖద్వారముల చెంత నేల పల్లము. ఒడ్డున సముద్రము లోతు తక్కువ. గాలి తరిమిన నీటికి అడుగున చోటు చాలక అది నేలమీదికే పొంగివచ్చును. కావుననే అచ్చట గాలికంటె దాని వెంటవచ్చు నీరే హెచ్చుగ ప్రాణములు తీసినది.

1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణము అట్టి ఉప్పెన వాతబడెను. సుమారు 30,000 మంది మరణించిరి. దానికి నెలదినములకు ముందే, అక్టోబరు 5వ తేదీన, మరియొక తుపాను కలకత్తాను ధ్వంసము చేసి హుగ్లీనదిలోని ఓడలను చెల్లాచెదరు చేసెను. మరుసటి యేట కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణశాఖ స్థాపితమయ్యెను. హెన్రీ బ్లాన్‌ఫర్డు దానికి ప్రథమాధిపతి. క్రమముగ తక్కిన రేవులందును హెచ్చరిక సంకేతములు నెలకొనెను. కాని యవి ఓడలకొరకు ఏర్పడినవి. ఒడ్డున తాటాకు గుడిసెలో నిదురించు కూలివానికి వానివలన కలిగిన మేలు స్వల్పము.

నూటపదమూడేండ్లు గడచెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000. హెచ్చరికలు వెలువడకపోలేదు, కాని తీరగ్రామములలో అనేకులకు అవి అందలేదు. అందినవారికిని పోదగిన చోటు లేదు. ప్రాణములు కోల్పోయినవారిలో పూరిపాకల పేదలే యెక్కువ. సముద్రము ధనికునకును దరిద్రునకును భేదము చూపదందురు. మేడకును పాకకును గల భేదమును మాత్రము అది చూపినది.

ఆ దుఃఖము వ్యర్థము కాలేదు. తీరము వెంబడి తుపాను రక్షణ భవనములు లేచెను. 48 గంటల ముందొకటి, 24 గంటల ముందు మరియొకటి - ఇట్లు రెండంచెల హెచ్చరిక పద్ధతి అమలులోనికి వచ్చెను. 1983లో ప్రయోగింపబడిన ఇన్సాట్-1బి ఉపగ్రహము మేఘముల చిత్రములను పంపసాగెను.

ఈ ఏర్పాట్లకు 1990 మే 9వ తేదీన పరీక్ష వచ్చెను. 1977 నాటిదానికి తీసిపోని తుపాను ఆ కృష్ణాముఖము చెంతనే తీరము దాటెను. ఆరు లక్షలకు పైబడిన జనులను ముందుగనే తరలించిరి. పంటలు, పశువులు, ఇండ్లు అపారముగ నష్టమైనవి. మృతులు మాత్రము వేయికి లోపు. తీరము అదియే, సముద్రము అదియే; మారినది మనుష్యుల సన్నాహము.

అయినను ఈ పాఠము ఒక్కసారితో ముగియునది కాదు. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను తాకిన తుపాను విస్తీర్ణమున చిన్నది; కాని త్వరితముగ బలము పుంజుకొన్నది. మృతులును గల్లంతైనవారును కలిసి వేయికి మించిరి. వారిలో అనేకులు వేటకు పోయిన జాలరులు. ఓడలకొరకు పుట్టిన హెచ్చరిక చిన్నపడవను సకాలమున చేరలేకపోయెను.

పొరుగున ఒరిస్సా కథయు నిట్టిదే. 1999 అక్టోబరులో అచ్చట సుమారు 10,000 మంది తుపానునకు బలియైరి. 2005లో దేశమునకు విపత్తు నిర్వహణ చట్టము వచ్చెను. 2013 అక్టోబరున ఫైలిన్ తుపాను ఆ తీరమునే తాకగా, సుమారు పది లక్షల మందిని ముందుగ తరలించినందున మృతులు వందకు లోపుగనే యుండిరి.

తుపాను దైవికము, దానివలని మరణములన్నియు దైవికములు కావు. ఏ ఊరివారు ఏ భవనమునకు పోవలెను, దాని తాళపుచెవి ఎవరివద్ద నుండవలెను, నడవలేని వృద్ధులను ఎవరు మోయవలెను అను పట్టిక తుపాను లేని యేట నీరసమైన కాగితముగ తోచును. దానిని ఏటేట సరిచూచి యుంచుట ఎవరికిని కీర్తి తెచ్చు పని కాదు. కాని చీకటిలో నీరు గ్రామము చేరునాటికి, ప్రాణము నిలుచుటయు పోవుటయు ఆ కాగితము పైననే ఆధారపడియుండును.