అండమాన్ నికోబార్ దీవుల్లో ఎలక్ట్రానిక్ వస్తువుల భద్రతా ధ్రువీకరణ

అండమాన్ నికోబార్ దీవుల్లో అమ్మే టీవీలు, సెల్‌ఫోన్లు, ఛార్జర్ల వంటి వస్తువులకు దేశమంతటా ఉన్న బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ (బీఐఎస్) నియమాలే వర్తిస్తాయి. దీవులకంటూ వేరే ప్రమాణాలు లేవు. అయితే ఇక్కడి బజారుకు సరుకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడ మీదో, లేకుంటే విమానంలోనో రావాలి. నాసిరకం ఛార్జరు వస్తే తిప్పి పంపడానికి మళ్లీ వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. కొనేముందే ముద్ర చూసుకోవడం ఇక్కడివారికి మరింత అవసరం.

బీఐఎస్‌కు పూర్వరూపమైన ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ (ఐఎస్ఐ) 1947లో ఏర్పడింది. 1952 చట్టం ఆధారంగా 1955లో ఐఎస్ఐ ముద్ర మొదలైంది. 1986 చట్టంతో ఆ సంస్థే 1987లో బీఐఎస్ అయింది. ఇంట్లో వాడే ఇస్త్రీ పెట్టెలు, గీజర్ల మీద ఐఎస్ఐ ముద్ర చూడటం జనానికి అలవాటైంది గానీ, కంప్యూటర్లు, సెట్‌టాప్ బాక్సుల వంటి వాటికి తప్పనిసరి పరీక్ష చాలాకాలం లేదు.

ఆ లోటు తీర్చింది 2012 అక్టోబరు 3న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు. ల్యాప్‌టాప్‌లు, పెద్ద టీవీలు, ప్రింటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు సహా 15 రకాల వస్తువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. గడువు పొడిగింపుల తర్వాత 2013 జులైలో అమల్లోకి వచ్చింది. 2014లో మరో 15 రకాలు చేరాయి. సెల్‌ఫోన్లు, పవర్ బ్యాంకులు అప్పుడు వచ్చినవే. ఐఎస్ఐ ముద్రకు ఫ్యాక్టరీ తనిఖీ ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో మాత్రం బీఐఎస్ గుర్తించిన ప్రయోగశాల నివేదికే ఆధారం: విద్యుత్ ఘాతం, వేడెక్కడం, నిప్పంటుకోవడం వంటి ప్రమాదాలను పరీక్షిస్తారు. నెగ్గితే 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. విదేశీ తయారీదారు భారతదేశంలో ఒక అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి. 2017 అక్టోబరులో అమలైన 2016 చట్టం, ప్రమాణం పాటించని సరుకును బజారు నుంచి వెనక్కి తీసుకోమనే అధికారాన్నీ ఇచ్చింది. నంబరు నిజమైనదో కాదో కొనేవారే చూసుకునే వీలు 2020 జులైలో వచ్చిన బీఐఎస్ కేర్ యాప్‌తో కలిగింది.

పెట్టె మీద సీఈ గుర్తు ఉంటే చాలనుకోవడం పొరపాటు. అది యూరప్ బజారుకు సంబంధించినది, 1993 నుంచి ఉన్నది. చాలా వస్తువులకు తయారీదారే తన పూచీ మీద వేసుకుంటాడు. భారత రిజిస్ట్రేషన్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. అయితే ఆన్‌లైన్ అమ్మకాల విషయంలో యూరప్ ముందడుగు వేసిందనే చెప్పాలి. 2021 జులై 16 నుంచి సీఈ గుర్తున్న చాలా వస్తువులకు యూరోపియన్ యూనియన్‌లోనే ఒక బాధ్యుడు ఉండాలి. 2024 డిసెంబరు 13 నుంచి అమలవుతున్న సాధారణ ఉత్పత్తుల భద్రతా నిబంధన ఆన్‌లైన్ వేదికలకూ నేరుగా బాధ్యతలు అప్పగించింది.

దీవుల్లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఊతం 2020 ఆగస్టు 10న వచ్చింది. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ఆ రోజు ప్రారంభమైంది. అంతకుముందు ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడేది. కొద్ది రోజుల ముందే, ఆ జులైలో, ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు వెలువడ్డాయి.

ముద్ర ఉన్నంత మాత్రాన సరుకు వెంటనే చేరదు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడాన్ని 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది. పవర్ బ్యాంకులూ ఆ కోవలోకే వస్తాయి. ప్రయాణికుల విమానం ఎక్కలేని అలాంటి సరుకుకు ఇక్కడ మిగిలే ప్రధాన మార్గం ఓడే.

వైర్‌లెస్ పరికరాలకు బీఐఎస్ నంబరుతో పాటు కేంద్ర టెలికాం శాఖ ఆమోదం కూడా కావాలి. 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో తీరరక్షక దళం మత్తుమందుతో పట్టుకున్న మయన్మార్ పడవలో ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ పరికరం దొరికింది. అప్పటికి ఆ సేవకు భారత్‌లో లైసెన్సు లేదు. అనుమతి వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ వేదికలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మేలో నోటీసులిచ్చి, రేడియో పరికరాల అమ్మకాలపై మార్గదర్శకాలు జారీ చేసింది.