పండుగ రొట్టె - పిల్లల చేతులు

పండుగ దగ్గరకు వచ్చినదని పెద్దలకు పంచాంగము చెప్పును. పిల్లలకు వంటయిల్లు చెప్పును. పాకము వాసన వీధిగుమ్మము దాటగానే పిల్లలు ఆట విడిచి పరుగున వత్తురు. పొయ్యి దగ్గరకు రావలదని తల్లి మందలించును. అవ్వ మాత్రము చిన్న పిండిముద్ద నొకదానిని చేతిలో పెట్టి, ‘ఒత్తుము, చూతము’ అనును. రావలదను మాటకును ఒత్తుమను మాటకును నడుమ పెద్ద చరిత్ర యున్నది. క్రైస్తవ కుటుంబములలో క్రిస్మసు పిండివంటలు ఎట్లు పుట్టి పెరిగినవో తరచి చూచినచో ఆ చరిత్ర మనకు చక్కగా బోధపడును. ఇందుకు జర్మనీ దేశమున సాక్సనీ ప్రాంతపు పండుగ రొట్టెయైన ‘స్టోలెన్’ మంచి ఉదాహరణము.

స్టోలెన్ అనునది గోధుమపిండి, వెన్న, పాలు, ఎండుద్రాక్ష, బాదముపప్పు, పంచదార పాకములో ఊరిన దబ్బతొక్కలు చేర్చి, పులియబెట్టి కాల్చెడు పొడవైన రొట్టె. కాలిన పిమ్మట దానిపై కరిగిన వెన్న పూసి, మెత్తని పంచదార పొడి దట్టముగా చల్లుదురు. అప్పుడది తెల్లని వస్త్రములో చుట్టిన పసిబిడ్డవలె కనబడును. పశువులతొట్టిలో పరుండిన బాలయేసునకు అది గురుతని అచటి పెద్దలు పిల్లలకు చెప్పుదురు. ఈ రొట్టెను కాల్చిన దినముననే తినరు. క్రిస్మసునకు ముందు నాలుగు ఆదివారములతో సాగు కాలమునకు అడ్వెంటు, అనగా ఆగమన కాలమని పేరు. ఆ కాలారంభమునకు ముందో వెనుకో కాల్చి, గుడ్డలో చుట్టి చల్లని గదిలో దాచి, పండుగనాడు కోయుదురు. ఆ కొన్ని వారములలో ద్రాక్షయొక్క తీపియు వెన్నయొక్క కమ్మదనమును రొట్టె అంతట వ్యాపించును. పిల్లలు మాత్రము ఆ గది తలుపువంక చూచుచు దినములు లెక్కింతురు.

నేడు ఇంత కమ్మనైన యీ రొట్టె తొలుత ఇంటిది కాదు, తీపిది కాదు, పిల్లలది అసలే కాదు. 1329వ సంవత్సరమున నౌంబుర్గు పట్టణపు బిషప్పు అచటి రొట్టెలవారి శ్రేణికి కొన్ని హక్కుల నిచ్చుచు, ప్రతి క్రిస్మసునకు రెండు పొడవైన గోధుమరొట్టెలు తనకు సమర్పింపవలెనని నియమము చేసెను. 1474వ సంవత్సరమున డ్రెస్డెన్ నగరములోని ఒక ధర్మాసుపత్రి లెక్కలలో ఈ రొట్టె ప్రస్తావన కలదు. ఆగమన కాలము ఆ దినములలో ఉపవాసకాలము. మాంసమేగాక పాలు, వెన్న కూడ నిషిద్ధములు. అందుచేత ఆ రొట్టెలో పిండి, నీరు, కొంచెము నూనె తప్ప మరేమియు ఉండెడిది కాదు.

ఇచట ఒక చిక్కు వచ్చినది. ఇటలీ మొదలగు దక్షిణ దేశములలో ఆలివు నూనె సమృద్ధిగా దొరకును. ఉత్తరమున చలిదేశమైన సాక్సనీలో ఆలివుచెట్టు బ్రతుకదు. అచటివారికి దొరకినది ఆవజాతి గింజలనుండి తీసిన ఘాటైన నూనె. రోములో సులభమైన ఉపవాసము డ్రెస్డెనులో కఠినమైన శిక్షగా పరిణమించెను. సాక్సనీ పాలకులు ఈ కష్టమును పోపునకు విన్నవించిరి. తుదకు 1491వ సంవత్సరమున ఎనిమిదవ ఇన్నొసెంటు పోపు వెన్న వాడుకొనుటకు అనుమతి నిచ్చుచు ఒక లేఖ పంపెను. అందుకు ప్రతిగా దేవాలయ నిర్మాణమునకు కొంత సొమ్ము చెల్లింపవలసి వచ్చినది. చరిత్రలో దీనిని ‘వెన్నలేఖ’ అందురు. వంటయింటి బాధ యొకటి రాజుల నోట పలికి, పర్వతములు దాటి రోమునగరము చేరుట చిన్న విషయము కాదు. కొన్ని దశాబ్దములకు 1539లో డ్రెస్డెన్ రాజ్యము లూథరు మార్గము నవలంబించెను. అటుపిమ్మట ఆ ఉపవాస నియమము అచట సడలిపోయినది.

నియమము సడలినను పిల్లల చేయి పిండిపై పడుటకు ఇంక చాల కాలము పట్టెను. అందుకు కారణములు రెండు. రొట్టెలు, తేనె బిళ్లలు కాల్చు హక్కు ఆయా పట్టణములలో శ్రేణులకు చెందియుండెను. నూరెంబర్గు నగరములో తేనె బిళ్లలు చేయువారు 1643లో ప్రత్యేక శ్రేణిగా ఏర్పడిరి. రెండవ కారణము ధర. పంచదార సముద్రములు దాటి వచ్చు ధనికుల వస్తువు. మసాలాలు అంతకంటె ప్రియము. ఈ బిళ్లలకు జర్మనులు ‘మిరియపు బిళ్లలు’ అని పేరు పెట్టిరి. ఆ కాలమున దూరదేశపు మసాలా నంతటిని మిరియమను పేరనే పిలిచెడివారు. ఆ మిరియము మన మలబారు తీరమున పండి, అరబ్బుల ఓడలలో పశ్చిమమునకు పోయి, వెనిసు వర్తకుల చేతులు మారి నూరెంబర్గు చేరుచుండెను. అంత దూరము నడచి వచ్చిన సరకును ఏ తల్లి పసివాని చేతి కిచ్చును? ఒలికినచో వారము కూలి పోయినట్లే గదా.

ధనికులకును సామాన్యులకును గల ఈ దూరము 1730వ సంవత్సరమున బహిరంగముగా కనబడెను. ‘బలశాలి’ అని పేరుపొందిన ఆగస్టు మహారాజు, త్సైట్‌హైన్ గ్రామము చెంత తన సైన్యబలమును ప్రదర్శించి, అతిథులకొరకు సుమారు 1.8 టన్నుల బరువుగల స్టోలెన్ రొట్టెను కాల్పించెను. దానికొరకు ప్రత్యేకముగా బట్టీ కట్టించి, ప్రత్యేకముగా పెద్ద కత్తి చేయించిరి. చూచినవారు ఆశ్చర్యపడిరి. కాని ఆ రొట్టెను పిసికిన చేతులలో పిల్లల చేయి ఒక్కటియు లేదు.

పిమ్మట నూరు, నూటయేబది సంవత్సరములలో మూడు మార్పులు వచ్చి ఈ పిండివంటను ఇంటిలోనికి తెచ్చినవి. మొదటిది పంచదార. బీటుదుంపలో పంచదార యున్నదని 1747లో బెర్లినులో మార్‌గ్రాఫ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఆయన శిష్యుడు ఆఖార్డు 19వ శతాబ్దారంభమున సైలీషియాలో తొలి కర్మాగారమును నెలకొల్పెను. క్రమక్రమముగా పంచదార సామాన్యుని యింట చేరెను. రెండవది పొయ్యి. అంతకుముందు ఇండ్లలో నుండినది తెరచిన మంట. రొట్టె కాల్చవలెనన్న రొట్టెలవాని బట్టీయే గతి. మూతలు, అరలు గల ఇనుప పొయ్యి వచ్చిన పిమ్మట గృహిణి తన యింటనే బిళ్లలు కాల్చుకొనగలిగెను. మూడవది బేకింగు పొడి. 1843లో ఇంగ్లండున ఆల్‌ఫ్రెడ్ బర్డు అను ఔషధ విక్రేత, ఈస్టు సరిపడని తన భార్యకొరకు దీనిని తయారుచేసెనని ప్రసిద్ధి. 1891లో జర్మనీలోని బీలెఫెల్డు పట్టణమున ఆగస్టు ఎట్కర్ అను మరొక ఔషధ విక్రేత, ఒక అరకిలో పిండికి సరిపోవు పొడిని చిన్న పొట్లములుగా కట్టి అమ్మసాగెను. కొలత తప్పునను భయము తీరెను. పది సంవత్సరముల బాలిక కూడ తల్లి ప్రక్కన నిలిచి నమ్మకముగా పిండి కలుపగలిగెను.

ఈ కాలముననే పండుగ కూడ పిల్లలవైపు తిరిగినది. హాంబుర్గు నగరములో దిక్కులేని పిల్లలకొరకు ఆశ్రమము నడిపిన యోహాన్ విఖెర్న్ అను మతగురువునకు, క్రిస్మసు ఎప్పుడు వచ్చునని పిల్లలు ప్రతిదినము అడుగుట పరిపాటి. ఆయన 1839లో ఒక బండిచక్రముపై కొవ్వొత్తులు నిలిపి, దినమున కొకటి వంతున వెలిగింప నారంభించెను. ఆదివారములకు పెద్దవి, తక్కిన దినములకు చిన్నవి. నేడు క్రైస్తవగృహములలో కనబడు ఆగమన కాలపు కొవ్వొత్తుల దండకు మూలమిదియే. ఎదురుచూపునకు వెలుగు తోడైనది. వంటయింటి వాసన అంతకుమునుపే తోడైయున్నది.

ఆ యిండ్లలో పనిపంపకము ఇట్లుండెడిది. ఎండుద్రాక్షల తొడిమలు తీయుట చిన్నవాని పని. వేడినీట నానిన బాదముపప్పు పొట్టు ఒలుచుట వానికంటె పెద్దదాని పని. నక్షత్రము, చంద్రవంక, గుండె ఆకారముల రేకు అచ్చులతో బిళ్లలు కోయుట అందరు పోటీపడు పని. స్టోలెన్ మాత్రము పెద్ద రొట్టె; ఇంటి పొయ్యికి అందదు. అందుచేత సాక్సనీలో గృహిణులు తమ సరకులతో రొట్టెలవాని బట్టీకి పోయి కాల్పించుకొనెడివారు. వందలకొలది రొట్టెలలో ఎవరిది ఏదో తెలియుటకు, పేరు చెక్కిన చిన్న రేకుబిళ్లను పిండిలో గ్రుచ్చెడివారు. ఆ రేకుబిళ్ల తల్లినుండి కూతునకు, ఆమెనుండి మనుమరాలికి సంక్రమించెడిది. నగలు లేని యింటిలో కూడ అట్టి ఆస్తి యొకటి యుండెడిది.

ఇట్లు ఇంటిదైన రొట్టెకు 20వ శతాబ్దము కఠిన పరీక్షలు పెట్టినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1916-17 నాటి చలికాలమును జర్మనులు ‘టర్నిప్ చలికాలము’ అని నేటికిని తలచుకొందురు. తినుటకు ఆ దుంప తప్ప మరేమియు లేని దినములవి. రెండవ యుద్ధాంతమున, 1945 ఫిబ్రవరిలో, స్టోలెన్‌కు పేరుమోసిన డ్రెస్డెన్ నగరము బాంబుల మంటలలో కూలిపోయెను. 1949లో దేశము రెండు రాజ్యములైనది. సాక్సనీ తూర్పు జర్మనీలో చేరెను. అన్న తూర్పున, చెల్లెలు పడమట నిలిచిపోయిన కుటుంబము లెన్నియో. 1961లో బెర్లినులో గోడ లేచెను.

తూర్పున పిండి, వెన్న దొరికెడివి; ఎండుద్రాక్ష, బాదముపప్పు, దబ్బతొక్క దిగుమతి కావలెను. వానికి విదేశపు సొమ్ము కావలెను. ప్రభుత్వ కర్మాగారములు పచ్చి టమాటాలను, క్యారెట్లను పంచదార పాకములో ఊరవేసి దబ్బతొక్కకు బదులుగా అందించినవి. అట్టి దినములలో పడమటి చెల్లెలు శరదృతువు రాగానే ఒక పెట్టె కట్టెడిది. అందులో ఎండుద్రాక్ష, బాదము, దబ్బతొక్క, కాఫీ, పిల్లలకు చాక్లెట్టు. పెట్టెపై ‘కానుక, వ్యాపారపు సరకు కాదు’ అని వ్రాయుట విధి. కొన్ని వారములకు తూర్పునుండి ఒక బరువైన పెట్టె తిరిగి వచ్చెడిది. విప్పినచో పంచదార పొడి రాలును, లోపల స్టోలెన్. పడమటి సరకు తూర్పు చేతులలో రొట్టెయై, పుట్టింటి వాసనతో మరలి వచ్చినది. మేనమామను ఎన్నడును చూడని పిల్లలు ఆయన యింటి రొట్టెను ఎరుగుదురు. ఉత్తరములో వ్రాయరాని మాటలను ఆ రొట్టె చెప్పినది. 1989లో గోడ కూలినది. మరుసటి సంవత్సరము దేశము ఏకమైనది. ఏకమగుటకు సేనలు, సంధులు, సభలు పనిచేసినవని గ్రంథములు చెప్పును. ఏకము కావలెనను కోరికను నలుబది యేండ్లు చల్లారనీయని వానిలో ఈ పెట్టెలు కూడ కొన్ని యని మనము చేర్చుకొనవచ్చును.

జర్మను గడ్డకును మన తెలుగు గడ్డకును క్రైస్తవ చరిత్రలో పాత సంబంధమున్నది. 1793లో హెల్మ్‌స్టెట్ పట్టణమున పుట్టి, అమెరికా చేరి, అచటి లూథరను సంఘము పంపగా ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. ఉత్తర జర్మనీ మిషను పంపిన వాలెట్ దొర 1845లో రాజమహేంద్రవరమున పని ప్రారంభించెను. వారు తెచ్చిన పండుగ మన పల్లెలలో నాటుకొనెను. కాని మన పొయ్యి మారలేదు. మన కుటుంబములకు గోధుమ లేదు, వెన్న అరుదు, బట్టీ లేదు. డిసెంబరు నాటికి కోతలు సాగి కొత్త ధాన్యము ఇంటికి వచ్చును, కొత్త బెల్లము వచ్చును. అందుచేత మన క్రైస్తవగృహములలో క్రిస్మసు పిండివంట అరిసె యైనది. నానిన బియ్యము దంచి, జల్లించి, పాకములో కలిపి, ఆకుపై తట్టి, నూనెలో వేసి, అరిసెల చెక్కల నడుమ ఒత్తుదురు. జంతికలు, గులాబీపువ్వులు తోడు వచ్చును. ఇనుప అచ్చును పిండిలో ముంచి నూనెలో విదిలించగా గులాబీపువ్వు విడివడుట చూచి పిల్లలు చప్పట్లు కొట్టుదురు. క్రిస్మసుకు ఇరుగుపొరుగు హిందువుల యిండ్లకు పోయిన పళ్లెము, సంక్రాంతికి అవే అరిసెలతో నిండి తిరిగి వచ్చును. సాక్సనీలో పెట్టె చేసిన పని యిచట పళ్లెము చేయుచున్నది.

ఇంతకును ఈ చరిత్ర మనకు చెప్పునది యేమి? పిండివంట ఏదైనను కావచ్చును. పండిన పంటయు ఉన్న పొయ్యియు దానిని నిర్ణయించును. కాని అది తరువాతి తరమునకు అందుట మాత్రము పిండిముద్ద పసివాని చేతికి చేరుటపై ఆధారపడి యున్నది. వెన్న లేని దినములు దాటినవి, పంచదార ప్రియమైన దినములు దాటినవి, గోడయు దాటినది. నేడు అన్నియు అంగడిలో అమరియున్నవి. కొని తెచ్చుట సులభము. కనుకనే మనము జాగ్రత్తగా నుండవలెను. కొని తెచ్చిన కేకునకు రుచి యుండవచ్చును గాని, దానిపై పేరు గల రేకుబిళ్ల యుండదు. ఈ పండుగకు మన వంటయింటి గుమ్మమున పిల్లలు నిలిచినపుడు రావలదనక ముందు ఒకసారి ఆలోచింతము. పిండి కొంచెము నేలపాలగును. అరిసె కొంచెము వంకర పోవును. పోనిండు. వంకర అరిసెను ఒత్తిన చేయియే రేపు మరొక చేతికి ముద్ద నందించును.